చెడు కబురు పైకి చేరే వార్డు: మంచి నర్సింగ్ లీడర్‌ను గుర్తించేదెలా?

క్లుప్తంగా: నర్సింగ్ లీడర్ మంచివారా కాదా అన్నది సాధారణంగా స్వభావాన్ని బట్టి చెబుతుంటారు. పరిశోధనలు చూస్తే రోగుల మీద ప్రభావం కనిపించేది ఇంకోచోట. పొరపాట్లు, అనుమానాలు భయం లేకుండా పైకి చెప్పుకునే వీలుందా? పని పంపకం రోగుల పరిస్థితిని బట్టి జరుగుతోందా? సిబ్బంది కొరత గురించి యాజమాన్యం ముందు లెక్కలతో మాట్లాడేవారు ఉన్నారా? వీటిలో మొదటిది లేకపోతే మిగతా రెండూ నిలబడవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులు ఉన్నారు. ఇంకా 58 లక్షల మంది కొరత ఉంది. 2030 నాటికి కూడా ఈ కొరత 41 లక్షల దగ్గర ఉంటుందని అంచనా. అంటే చాలా ఆసుపత్రుల్లో ఉన్న కొద్దిమందితోనే వార్డులు నడవాలి. ఇలాంటప్పుడు హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ లాంటి పదవుల్లో ఎవరు ఉన్నారన్నది రోగికి కూడా సంబంధించిన విషయమే.

ఆ పదవికి ఏ గుణాలు కావాలని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి: ఓపిక, సేవాభావం, క్రమశిక్షణ, నలుగురినీ కలుపుకుపోయే మనస్తత్వం. ఇవన్నీ అవసరమే. కానీ ఇవన్నీ ఉన్న మనిషి నడిపే వార్డులో కూడా రోగులకు హాని జరుగుతుంది. ఎందుకో అర్థం కావాలంటే స్వభావాన్ని కాసేపు పక్కన పెట్టి, లీడర్‌ను బట్టి వార్డులో పని తీరు ఎలా మారుతుందో చూడాలి.

### మంచి వార్డులో తప్పులు ఎక్కువగా ఎందుకు కనిపించాయి?

1990ల్లో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది విభాగాలను పరిశీలించారు. మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు ఎలాంటి టీముల్లో తక్కువగా ఉంటాయన్నది ప్రశ్న. మంచి హెడ్ నర్సు ఉండి, కలిసికట్టుగా పనిచేసే చోట పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. లెక్కలు దానికి ఎదురుగా వచ్చాయి. సిబ్బంది తమ హెడ్ నర్సును బాగా మెచ్చుకున్న విభాగాల్లోనే నమోదైన పొరపాట్లు ఎక్కువగా ఉన్నాయి.

1996లో ప్రచురితమైన ఆ అధ్యయనం దీనికి చూపిన కారణం ఇది: మంచి లీడర్ ఉన్న వార్డులో జరిగిన తప్పు బయటికి వస్తుంది, ఎవరూ దాచరు. లీడర్ అంటే భయపడే వార్డులో తప్పు జరిగినా అది రిజిస్టర్ దాకా రాదు. కాగితం మీద ఆ వార్డు శుభ్రంగా కనిపిస్తుంది.

ఈ ఫలితాన్ని ఆసుపత్రుల యాజమాన్యాలు ఇప్పటికీ పూర్తిగా తలకెక్కించుకోలేదనే చెప్పాలి. నెల చివర ఇన్సిడెంట్ రిపోర్టుల సంఖ్య చూసి, తక్కువ ఉన్న వార్డును మెచ్చుకుని, ఎక్కువ ఉన్న వార్డును సంజాయిషీ అడిగితే, రెండు మూడు నెలల్లోనే అన్ని వార్డుల్లోనూ రిపోర్టులు తగ్గిపోతాయి. తప్పులు మాత్రం తగ్గవు. అంతకుముందు వాటి నుంచి నేర్చుకునే వీలు ఉండేది, ఇప్పుడు అది కూడా పోతుంది.

రిపోర్టు పైకి రావడమా, మధ్యలోనే ఆగిపోవడమా అన్నది చాలావరకు మొదటి నిమిషంలోనే తేలిపోతుంది. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు ఒక రోగికి ఇవ్వాల్సిన మందు పక్క బెడ్ రోగికి ఇచ్చానని వచ్చి చెప్పారనుకుందాం. లీడర్ నోట వచ్చే మొదటి ప్రశ్న ‘రోగి ఎలా ఉన్నారు?’ అయితే ఆ వార్డులో మిగతావాళ్లంతా ఒకటి నేర్చుకుంటారు. ‘చూసుకోకుండా ఎలా ఇచ్చావు?’ అయితే వేరొకటి నేర్చుకుంటారు. రోగికి జరగాల్సిన చికిత్స జరిగాక తప్పు ఎలా జరిగిందో అడగడానికి బోలెడంత సమయం ఉంటుంది. ముందు తిట్టి తర్వాత బుజ్జగించినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే పక్కన నిలబడి చూసినవాళ్లకు గుర్తుండేది ఆ తిట్టే.

రిపోర్టులు ఆగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని అంతగా పట్టించుకోరు. రిపోర్టు రాశాక ఏమీ జరగకపోవడం. మందును కొలత ప్రకారం రక్తనాళంలోకి పంపే ఇన్‌ఫ్యూజన్ పంపు అలారం మోగడం లేదని మూడుసార్లు రాసినా అదే పంపు మళ్లీ వార్డుకు వస్తుంటే, నాలుగోసారి ఎవరూ రాయరు. చెప్పిన విషయం ఎక్కడిదాకా వెళ్లిందో, ఏం తేలిందో తిరిగి వార్డుకు వచ్చి చెప్పే అలవాటు మంచి లీడర్‌కు ఉంటుంది. ‘కొనడానికి డబ్బు లేదన్నారు, వచ్చే నెల మళ్లీ అడుగుతాను’ అని చెప్పినా సరే, చెప్పినవారికి తమ మాట గాలికి పోలేదని తెలుస్తుంది.

### తప్పుకూ నిర్లక్ష్యానికీ తేడా

ఇక్కడ ఒక సందేహం సహజంగా వస్తుంది. ఎవరినీ ఏమీ అనకపోతే క్రమశిక్షణ ఉంటుందా?

విమానయానం లాంటి ప్రమాదాలతో కూడిన రంగాల నుంచి ఆసుపత్రులు తీసుకున్న పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. జరిగినదాన్ని మూడు రకాలుగా చూస్తారు. మనిషి సహజంగా చేసే పొరపాటు ఒకటి. ప్రమాదం ఉందని గ్రహించక అలవాటుగా అడ్డదారి తొక్కడం రెండోది. ప్రమాదమని తెలిసీ లెక్కచేయకపోవడం మూడోది. ఒకేలా కనిపించే రెండు మందు సీసాలను ఒకే ట్రేలో పెట్టినప్పుడు ఒకటి బదులు ఇంకొకటి తీస్తే అది మొదటి రకం. మనిషిని శిక్షించినా ట్రే అలాగే ఉంటుంది కాబట్టి రేపు ఇంకొకరు అదే తప్పు చేస్తారు. సీసాలను వేరు చేయడమే దానికి మందు. రోగి పేరు అడగకుండా, చేతి బ్యాండు చూడకుండా మందు ఇవ్వడం వార్డంతా అలవాటుగా మారితే అది రెండో రకం. అది ఎందుకు అలవాటైందో చూడాలి, తరచు కారణం టైము చాలకపోవడమే అవుతుంది. చూడకుండానే బీపీ చూసినట్టు చార్టులో అంకెలు వేయడం మూడో రకం, దానికి చర్య తప్పదు.

ఈ తేడా చూసి నిర్ణయం తీసుకోవడంలోనే లీడర్ న్యాయబుద్ధి తెలుస్తుంది. అన్నింటికీ మెమో ఇచ్చేవారి దగ్గర సిబ్బంది నోరు విప్పరు. అన్నింటినీ క్షమించేవారి దగ్గర, నిజాయితీగా పనిచేసేవాళ్లు విసిగిపోయి వేరేచోటికి వెళ్లిపోతారు. ఇంకో పరీక్ష కూడా ఉంది: రోగికి హాని జరిగిన తప్పుకూ, అదృష్టవశాత్తూ హాని జరగని అదే తప్పుకూ ఒకే తీరులో స్పందిస్తున్నారా? ఫలితాన్ని బట్టి శిక్ష మారుతుంటే దాన్ని న్యాయం అనలేం.

### అర్ధరాత్రి ఫోన్ చేయాలా వద్దా?

భయం లేకుండా మాట్లాడటం ఎందుకంత ముఖ్యమో ఆపరేషన్ల తర్వాతి మరణాల లెక్కలు చెబుతాయి. 2009లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం మరణాలు బాగా తక్కువగా ఉన్న ఆసుపత్రులనూ బాగా ఎక్కువగా ఉన్న ఆసుపత్రులనూ పోల్చింది. ఆపరేషన్ తర్వాత సమస్యలు తలెత్తిన రోగుల శాతం రెండు చోట్లా దాదాపు సమానం: ఒకచోట 26.9, ఇంకోచోట 24.6. తీవ్రమైన సమస్య వచ్చిన రోగుల్లో చనిపోయినవారు మాత్రం మొదటి రకం ఆసుపత్రుల్లో 12.5 శాతం, రెండో రకంలో 21.4 శాతం. అంటే తేడా సమస్య రావడంలో లేదు. వచ్చిన సమస్యను వేళకు పసిగట్టి రోగిని కాపాడుకోవడంలో ఉంది.

ఆపరేషన్ అయిన రోగి పక్కన రోజంతా ఉండేది నర్సులే. నాడి వేగం పెరగడం, మూత్రం తగ్గడం, మాట తడబడటం, ‘ఎందుకో ఈయన నిన్నటిలా లేరు’ అనిపించడం, ఇవన్నీ ముందుగా తెలిసేది వాళ్లకే. కానీ తెలిసిన విషయం డాక్టరు దాకా చేరాలంటే మధ్యలో ఒక మెట్టు ఎక్కాలి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో, ఏమీ లేకపోతే నవ్వుకుంటారేమో అన్న టెన్షన్ ఉంటుంది. ఇంకో గంట చూద్దాం అనుకుంటారు. ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు ఆ గంటలోనే.

ఈ మెట్టు ఎత్తు తగ్గించడానికి కొన్ని సాధనాలు వచ్చాయి. బ్రిటన్‌లో 2012లో మొదలైన జాతీయ హెచ్చరిక స్కోరు పద్ధతిలో ఊపిరి వేగం, ఆక్సిజన్ శాతం, బీపీ, నాడి, జ్వరం, స్పృహ లాంటి వాటికి మార్కులు వేస్తారు. మొత్తం ఒక హద్దు దాటితే ఫోన్ చేయడం నర్సు ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు, అది నియమం అవుతుంది. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన సమాచార పద్ధతి నుంచి పుట్టిన ఎస్‌బార్ ఇంకొకటి: ఇప్పుడేం జరుగుతోంది, దీని వెనక కథేమిటి, నా అంచనా ఏమిటి, ఏం చేయమంటున్నాను. నాలుగే మాటలు. చివరిదే అన్నింటికంటే కష్టం, ఎందుకంటే ‘మీరు వచ్చి చూడాలి’ అని నర్సు సూటిగా అడగాల్సింది అక్కడే.

సాధనం ఉన్నా వెనక లీడర్ లేకపోతే అది కాగితంగానే మిగిలిపోతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలతో జరిగిన ప్రయత్నం దీనికి మంచి ఉదాహరణ. పెద్ద రక్తనాళాల్లో గొట్టాలు వేసేటప్పుడు చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం లాంటి ఐదు జాగ్రత్తలు పాటించాలన్నారు. ఏదైనా ఒకటి తప్పితే డాక్టరునైనా ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వెయ్యి గొట్టం-రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే ఒక గొట్టం-రోజు) 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు వచ్చింది. ఆ ఐదు జాగ్రత్తల్లో కొత్తవేమీ లేవు. కొత్తది అధికారం, ఆ అధికారం వాడిన నర్సు వెనక పైవాళ్లు నిలబడతారన్న నమ్మకం. డాక్టరును ఆపిన నర్సుకు మర్నాడు మీటింగులో చీవాట్లు పడితే ఆ అధికారం అక్కడితో సరి.

### డ్యూటీ రోస్టర్‌లో కనిపించే గుణం

లీడర్ ఎలాంటివారో ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు ఉపన్యాసాల్లో కాకుండా డ్యూటీ రోస్టర్‌లో చదువుతారు. పండగ సెలవులు ఎవరికి దక్కాయి, వరుస నైట్ డ్యూటీలు ఎవరికి పడ్డాయి, కష్టమైన రోగులు ఎప్పుడూ ఒకరికే వస్తున్నారా అన్నవి అందరికీ తెలిసిపోతాయి.

ఇరవై నాలుగు మంది రోగులున్న వార్డులో నలుగురు నర్సులుంటే తలా ఆరుగురు అని పంచడం తేలిక. అయితే ఒకరి ఆరుగురిలో రక్తం ఎక్కించుకుంటున్నవారు ఒకరు, అయోమయంలో మంచం దిగిపోతున్న వృద్ధులు ఒకరు, అప్పుడే ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చినవారు ఇద్దరు ఉండి, ఇంకొకరి ఆరుగురిలో రేపు డిశ్చార్జి కావాల్సినవారే ఎక్కువగా ఉంటే ఆ పంపకం సమానమని ఎవరూ అనరు. రోగి పరిస్థితిని బట్టీ, నర్సు అనుభవాన్ని బట్టీ పంచాలంటే షిఫ్ట్ మొదట్లో వార్డంతా తిరిగి చూడాలి, మధ్యలో మళ్లీ సరిచేయాలి. ఒకే రాత్రి అంతా కొత్తవాళ్లే లేకుండా చూసుకోవాలి.

పని గంటల విషయం అంతకంటే సూటిగా ఉంటుంది. 2004లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో పన్నెండున్నర గంటలు, అంతకు మించి సాగిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం దాదాపు మూడు రెట్లు పెరిగింది. ‘ఈ ఒక్కరోజు డబుల్ డ్యూటీ చేసిపెట్టు’ అన్న మాట మంచితనంగా అడిగినా దాని భారం పడేది రోగి మీదే. కాదనలేని మంచి నర్సులనే పదేపదే అడగడం చాలా వార్డుల్లో జరుగుతుంది. చివరికి ముందుగా ఉద్యోగం మానేసేదీ వాళ్లే.

### పైవాళ్ల ముందు ఏం మాట్లాడతారు?

కింది సిబ్బందితో ఎంత బాగా ఉన్నా, యాజమాన్యం ముందు నోరు మెదపని లీడర్ వల్ల వార్డుకు ఒరిగేది తక్కువ. ఇక్కడ కావాల్సింది ఆవేశం కంటే ఎక్కువగా లెక్క.

ఈ సంప్రదాయం నర్సింగ్‌కు కొత్తది కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1854 నవంబరులో క్రిమియా యుద్ధంలో గాయపడిన బ్రిటిష్ సైనికుల కోసం 38 మందితో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకున్నారు. ఆ చలికాలమంతా అక్కడ మరణాలు పెరుగుతూనే పోయాయి. 1855 మార్చిలో పారిశుధ్య కమిషన్ వచ్చి మురుగు కాలువలు, గాలి వెలుతురు బాగుచేశాకే అవి బాగా తగ్గాయి. తర్వాత ఆమె ఆ అంకెలన్నీ కూర్చి, 1858 నాటికి రంగుల పటాలుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టారు. సైనికులు గాయాల కంటే నివారించగల జబ్బులతోనే ఎక్కువగా చనిపోయారని ఆ పటాలు చూపించాయి. దీపం పట్టుకున్న బొమ్మే జనానికి గుర్తుండిపోయింది కానీ, ఆసుపత్రులను మార్చడంలో ఆ పటాల పాత్ర చాలా పెద్దది.

నేటి లీడర్ చేతిలో అంతకంటే బలమైన ఆధారాలున్నాయి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు 168 ఆసుపత్రుల సమాచారాన్ని పరిశీలించింది. ఒక్కో నర్సు మీద అదనంగా ఒక రోగి చేరితే, ఆపరేషన్ అయినవారు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాల్లో చేసిన అధ్యయనంలోనూ అదే 7 శాతం వచ్చింది. కాలిఫోర్నియాలో 1999లో చేసిన చట్టం 2004 నుంచి అమల్లోకి వచ్చి, నర్సుకు ఎంతమంది రోగులన్న దానికి హద్దు పెట్టింది. అక్కడ ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరికి మించకూడదు. చట్టం లేని చోట ఆ హద్దు కోసం వాదించాల్సింది నర్సింగ్ లీడరే.

వాదించేవారు లేకపోయినా, వాదన వినేవారు లేకపోయినా ఏం జరుగుతుందో ఇంగ్లాండ్‌లోని మిడ్ స్టఫర్డ్‌షైర్ ఆసుపత్రి ట్రస్టు ఉదంతం చెబుతుంది. 2005-2009 మధ్య అక్కడ రోగులు పడిన బాధల మీద జరిగిన బహిరంగ విచారణ నివేదిక 2013 ఫిబ్రవరిలో 290 సిఫారసులతో వచ్చింది. తాగడానికి నీళ్లు అందక, పక్కలు మార్చేవారు లేక రోగులు నరకం చూశారు. యాజమాన్యం దృష్టి ఆర్థిక లక్ష్యాల మీద ఉంది. సిబ్బంది తక్కువ, ఫిర్యాదులకు విలువ లేదు, నాసిరకం సేవను మామూలుగా తీసుకునే అలవాటు పాతుకుపోయింది. అక్కడ పనిచేసినవాళ్లంతా చెడ్డవాళ్లని అనుకోవడానికి వీల్లేదు. చూసినదాన్ని చెప్పే దారి మూసుకుపోయింది, చెప్పినా పైన వినేవారు లేరు.

### మంచి నర్సు మంచి లీడర్ అవుతారా?

తప్పకుండా అవుతారని లేదు. సీనియారిటీ ప్రకారమో, చేతి నైపుణ్యం చూసో హెడ్ నర్సును చేయడం చాలాచోట్ల ఆనవాయితీ. ఐవీ లైను దొరకని రోగికి ఒక్క ప్రయత్నంలో వేయగలిగినవారు పదవిలోకి వచ్చాక కూడా అదే చేస్తుంటారు. ఎవరికి కష్టమొచ్చినా తామే వెళ్లి చేసేస్తారు. అందరూ మెచ్చుకుంటారు. కానీ చిన్నవాళ్లకు చేయి తిరగదు. పైగా రోస్టర్, సామాను, రిపోర్టుల పని సాయంత్రానికి పేరుకుపోతుంది, లీడర్ సెలవు పెట్టిన రోజు వార్డు తడబడుతుంది. వైద్య నైపుణ్యం అవసరమే, అది లేని లీడర్ మాటకు వార్డులో బరువుండదు. ఆ నైపుణ్యాన్ని పక్కన నిలబడి ఇంకొకరి చేత చేయించడానికి వాడటం నేర్చుకోవాలి, దానికి వేరే శిక్షణ కావాలి.

1983లో అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ చేసిన పరిశీలనలో కూడా లీడర్ల ప్రాధాన్యం బయటపడింది. నర్సుల కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లోనూ కొన్ని ఆసుపత్రుల్లో నర్సులు మానేయకుండా ఎందుకు నిలిచిపోతున్నారని వెతికితే, వార్డుల్లో కనిపించే నర్సింగ్ లీడర్లు, నిర్ణయాల్లో నర్సులకు భాగం, చికిత్స విషయంలో సొంత తీర్పుకు చోటు లాంటివి తేలాయి. అలాంటివిగా గుర్తించిన 41 ఆసుపత్రులే తర్వాత, నర్సింగ్ సేవలు మేలుగా ఉన్న ఆసుపత్రులకు ఇచ్చే ‘మాగ్నెట్’ గుర్తింపు పథకానికి మూలమయ్యాయి.

### గుణాలకు హద్దు ఎక్కడ?

లీడర్ తీరుకూ రోగుల ఫలితాలకూ సంబంధం చూపిన అధ్యయనాలు చాలానే ఉన్నాయి. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం ఒకే సమయంలో తీసిన లెక్కలు. మంచి లీడర్ వల్ల వార్డు బాగుపడిందా, బాగున్న వార్డులో ఎవరైనా మంచి లీడర్‌గా కనిపిస్తారా అన్నది వాటితో పూర్తిగా తేలదు. సిబ్బంది సంఖ్య, బడ్జెట్, డాక్టర్లతో సంబంధాలు అన్నీ కలిసే ఉంటాయి.

ఇంతకంటే పెద్ద హద్దు అధికారానిది. ఎంత సమర్థులైనా సరే, కొత్తవారిని తీసుకునే నిర్ణయంలో మాట చెల్లకపోతే, సిబ్బంది సరిపోనప్పుడు బెడ్లు తాత్కాలికంగా మూసే హక్కు లేకపోతే, పాలకమండలిలో కుర్చీ లేకపోతే, ఆ లీడర్ చేయగలిగేది పైనుంచి వచ్చే ఒత్తిడిని తామే మోస్తూ కిందివాళ్లను కాపాడుకోవడం. అది గొప్ప పనే అయినా, ఎక్కువ రోజులు సాగదు. కొరత ఇలాగే ఉంటే ఒక్కో హెడ్ నర్సు కింద ఇంకా ఎక్కువ మంది సిబ్బంది, ఒక్కోసారి రెండు మూడు వార్డులు చేరే అవకాశం ఉంది. అప్పుడు చెడు కబురు చెప్పడానికి వచ్చిన నర్సుకు లీడర్ ఎదురుగా దొరకడమే కష్టమవుతుంది.

అందుకే ఎంపిక సమయంలోనే రెండు వైపులా ప్రశ్నలు ఉండాలి. అభ్యర్థిని అడగాల్సింది: ఈ మధ్య మీ వార్డులో ఎవరైనా వచ్చి తమ తప్పు తామే చెప్పారా, చెప్పాక ఏం మారింది? ఆసుపత్రి తనను తాను అడగాల్సింది: ఈ లీడర్ ‘ఇవాళ ఇంతమందితో కొత్త రోగులను చేర్చుకోలేం’ అంటే ఆ మాట నిలబడుతుందా?